ఆస్పత్రి మారితే కథ మొదటికే!

• ఉద్దానం కిడ్నీ రోగికి పాత పరీక్షల చిట్టాయే ప్రాణాధారం
• ఒక ఆస్పత్రి కంప్యూటర్ భాష మరో ఆస్పత్రికి అర్థం కాకపోవడమే అసలు చిక్కు
• ప్రమాణాలు ఉన్నాయి... పాటించడమే మిగిలింది

శ్రీకాకుళం: ప్లాస్టిక్ సంచిలో మడతలు పడిన కాగితాలు. వాటిలో కొన్ని అక్షరాలు చెరిగిపోయినవి, కొన్ని తేదీ లేనివి, మరికొన్ని ఏ ల్యాబ్ ఇచ్చిందో తెలియనివి. ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ వ్యాధిగ్రస్తుడు ఉన్న ఏ ఇంటి తలుపు తట్టినా కనిపించే దృశ్యమిది. ఆ సంచే రోగి వైద్య చరిత్ర. వానకు తడిసినా, ప్రయాణంలో జారిపోయినా ఆ చరిత్ర అంతటితో సరి. కొత్త వైద్యుడి ముందు కూర్చున్న ప్రతిసారీ కథ మొదటి నుంచి చెప్పుకోవాలి, పరీక్షలు మళ్లీ చేయించుకోవాలి.

కంప్యూటర్లు లేక ఈ పరిస్థితి వచ్చిందనుకుంటే పొరపాటు. నేడు పట్టణాల్లోని పలు ల్యాబ్‌లు, ఆస్పత్రులు ఫలితాలను కంప్యూటర్‌లోనే నమోదు చేస్తున్నాయి. అయితే ఒకచోట నమోదైన సమాచారం మరోచోటి కంప్యూటర్‌కు చేరదు. చేరినా దానికి అర్థం కాదు. ఫలితంగా కంప్యూటర్ నుంచి కాగితంపైకి, కాగితం నుంచి రోగి సంచిలోకి, సంచి నుంచి మళ్లీ వేరే కంప్యూటర్‌లోకి సమాచారం ప్రయాణించవలసి వస్తోంది. ఈ అగాధాన్ని పూడ్చేందుకు ఉద్దేశించినవే ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలు. పేరు గంభీరంగా ఉన్నా, వీటి అవసరం ఉద్దానం వంటి ప్రాంతాలకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ఒక్క అంకెతో తేలని రోగం

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలను దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి రెండు దశాబ్దాలకు పైగా పీడిస్తోంది. తాగునీరు, ఎండలో శ్రమవల్ల కలిగే నిర్జలీకరణ, పురుగుమందులు, నొప్పి మాత్రల వాడకం, జన్యుపరమైన అంశాలు... ఇలా అనేక కోణాల్లో పరిశోధనలు జరిగినా, ఇదీ కారణం అని శాస్త్రీయంగా నిర్ధారణ కాలేదు. పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి.

ఈ వ్యాధికి ఒక ప్రత్యేకత ఉంది. ఒక్కసారి రక్తం పరీక్షించి దీనిని నిర్ధారించలేరు. రక్తంలోని క్రియాటినిన్ పరిమాణం, వయసు, స్త్రీ పురుష భేదం ఆధారంగా మూత్రపిండాల వడపోత సామర్థ్యాన్ని వైద్యులు లెక్కగడతారు. దీనిని ఈజీఎఫ్ఆర్ అంటారు. అది 60 కంటే తక్కువగా ఉండటమో, మూత్రంలో ప్రొటీన్ పోవడం వంటి నష్టసూచన కనిపించడమో మూడు నెలలకు మించి కొనసాగితేనే దీర్ఘకాలిక వ్యాధిగా పరిగణిస్తారు. అంటే పాత పరీక్ష ఫలితం ఈ వ్యాధి నిర్వచనంలోనే ఒక భాగం. అది చేతిలో లేకుంటే, నిపుణుడు సైతం నిర్ధారణకు మరో మూడు నెలలు వేచి చూడవలసి రావచ్చు.

ఉదాహరణకు ఒక కొబ్బరితోట కూలీని ఊహించుకుందాం. 41 ఏళ్ల వయసులో సొంత మండలంలో చేయించిన పరీక్షలో క్రియాటినిన్ 1.2 వచ్చింది. చాలా ల్యాబ్‌ల లెక్కలో అది సాధారణమే. 43 ఏట పనికోసం వెళ్లిన ఊరిలో 1.4 వచ్చింది, కాస్త ఎక్కువే, నీళ్లు బాగా తాగమన్నారు. 45 ఏట విశాఖపట్నంలో 1.9 వచ్చింది. మూడు ఫలితాలు మూడు చోట్ల, ముగ్గురు వైద్యుల ముందు ఉన్నాయి. విడివిడిగా చూస్తే మొదటి ఇద్దరికీ కంగారుపడవలసినదేమీ కనిపించలేదు.

ఇప్పుడు ఆ మూడింటినీ ఒక వరుసలో పేర్చి చూస్తే కథ వేరు. ప్రస్తుతం వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం అతని వడపోత సామర్థ్యం 78 నుంచి 64కు, అక్కడి నుంచి 44కు పడిపోయింది. నాలుగేళ్లలో 34 పాయింట్ల పతనం. ఏడాదికి అయిదు పాయింట్లకు మించి నిలకడగా తగ్గితే వ్యాధి వేగంగా ముదురుతున్నట్లు అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ రోగి విషయంలో ఆ వేగం ఎనిమిది దాటింది. రెండో పరీక్షనాడే మొదటి ఫలితం వైద్యుడి కంటపడి ఉంటే రక్తపోటు అదుపు, నొప్పి మాత్రల నిలిపివేత, నిపుణుడికి సిఫారసు అప్పుడే జరిగేవి. డయాలసిస్ మంచం ఎక్కే రోజును కొన్నేళ్లు వెనక్కి నెట్టగల అవకాశం కేవలం రెండు అంకెలు కలుసుకోకపోవడంవల్ల చేజారింది.

అంకె వెంట అర్థం కూడా ప్రయాణించాలి

పాత అంకె చేరితే చాలదు, దాని అర్థం చెడకుండా చేరాలి. మన దేశంలో క్రియాటినిన్‌ను డెసీలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చెబుతారు. గల్ఫ్‌తో సహా పలు దేశాల ఆస్పత్రులలో లీటరుకు ఇన్ని మైక్రోమోల్‌లని రాస్తారు. ఇక్కడి 1 అక్కడ 88.4 అవుతుంది. వలస వెళ్లి తిరిగి వచ్చిన కూలీ చేతి కాగితంలోని 168, ఇక్కడి 1.9 ఒక్కటే. ప్రమాణం రాయని కాగితం నుంచి ఎవరైనా 168 అని మాత్రమే కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే ఆ రికార్డు ఎందుకూ కొరగాదు.

పరీక్ష పద్ధతి కూడా ముఖ్యమే. క్రియాటినిన్‌ను జాఫే అనే పాత రసాయన పద్ధతిలోనూ, ఎంజైమ్ పద్ధతిలోనూ కొలుస్తారు. ఒకే రక్త నమూనాకు ఈ రెండింటిలో స్వల్ప తేడా రావచ్చు. ఆ తేడాను మూత్రపిండాలు దెబ్బతినడంగా పొరబడే ప్రమాదం లేకపోలేదు. ఇక వయసు, లింగం విషయానికి వస్తే 45 ఏళ్ల పురుషుడిలో 1.9 క్రియాటినిన్‌కు వడపోత సామర్థ్యం 44 కాగా, 70 ఏళ్ల మహిళలో అదే 1.9కి సుమారు 28. ఒకరిది మూడో దశ, మరొకరిది నాలుగో దశ. అంకె ఒకటే, రోగం తీవ్రత వేరు.

పేరుతోనూ పేచీ ఉంది. ఒక ల్యాబ్ ‘సీరం క్రియాటినిన్’ అంటే, మరొకటి ‘ఎస్.క్రియాటినిన్’ అంటుంది, ఇంకొకటి ‘క్రియాట్’ అని సరిపెడుతుంది. మూత్రంలో కొలిచే క్రియాటినిన్ వేరే పరీక్ష. అనుభవజ్ఞుడైన వైద్యుడు చూడగానే తేడా గ్రహిస్తాడు. కంప్యూటర్‌కు ఆ లౌక్యం లేదు. దానికి ‘ఇది రక్తంలోని క్రియాటినిన్, ఈ ప్రమాణంలో, ఈ తేదీన, ఈ వ్యక్తిది’ అని విప్పి చెప్పాలి.

నౌపడ నేర్పిన పాఠం

ఈ సమస్య శ్రీకాకుళం జిల్లావాసులకు మరో రూపంలో పరిచయమే. 1900లో ప్రారంభమైన పర్లాకిమిడి లైట్ రైల్వే 762 మిల్లీమీటర్ల వెడల్పు గల నేరోగేజ్ మార్గం. నౌపడ వద్ద అది 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్ ప్రధాన మార్గాన్ని కలిసేది. రెండూ రైలు మార్గాలే. రెండింటిపైనా బండ్లు నడిచేవి. అయినా ఒకదాని పెట్టె మరోదానిపైకి ఎక్కేది కాదు. ప్రయాణికులు దిగి బండి మారాలి, సరకు దించి మళ్లీ ఎక్కించాలి. గుణుపురం వరకు మార్గమంతా బ్రాడ్‌గేజ్‌గా మారి 2011లో రైళ్లు నడిచిన తర్వాతే ఆ తిప్పలు తప్పాయి.

ఆస్పత్రి కంప్యూటర్లు నేటికీ అనేకచోట్ల వేర్వేరు గేజ్‌లపైనే నడుస్తున్నాయి. నౌపడలో కూలీలు సరకు మోసినట్లే, ఇక్కడ రోగి తన సమాచారాన్ని తానే మోస్తున్నాడు. ఒక వ్యవస్థలోని సమాచారాన్ని మరో వ్యవస్థ అందుకొని, అర్థం చేసుకొని, వాడుకోగల శక్తినే సాంకేతిక పరిభాషలో ఇంటర్‌ఆపరబిలిటీ అంటారు.

ఇందులో నాలుగు మెట్లు ఉన్నాయి. మొదటిది, రెండు కంప్యూటర్ల మధ్య సమాచారం చేరవేసే దారి ఉండటం. రెండోది, పంపే సమాచారానికి ఇద్దరికీ తెలిసిన ఒక చట్రం ఉండటం. మనియార్డరు ఫారంలో పంపేవారి పేరు ఎక్కడ, అందుకునేవారి పేరు ఎక్కడ అని నిర్ణయించినట్లు. మూడోది, ఆ చట్రంలో నింపిన మాటలకు ఇరువైపులా ఒకే అర్థం ఉండటం. నాలుగోది, ఎవరు ఎవరికి ఏ షరతుపై ఇవ్వాలనే విషయంలో చట్టం, నమ్మకం, బాధ్యత కుదరడం. మొదటి రెండు మెట్లు సాంకేతిక నిపుణులు ఎక్కగలరు. మూడోదానికి వైద్యులు, ల్యాబ్ సిబ్బంది తోడు కావాలి. నాలుగో మెట్టు పాలకుల చేతిలో ఉంది.

ఏ ప్రమాణం ఏ పనికి?

ఈ రంగంలో వినిపించే పేర్లు కొత్తవారిని తికమక పెడతాయి. నిజానికి ఒక్కొక్కటీ ఒక్కో పనికి ఏర్పడింది.

ఫైర్: సమాచారాన్ని పంపుకునే చట్రమిది. 1987లో అమెరికాలో ఏర్పడిన హెచ్‌ఎల్‌7 అనే సంస్థ దీనిని నిర్వహిస్తోంది. ఆస్ట్రేలియాకు చెందిన గ్రాహమ్ గ్రీవ్ 2011లో దీనికి రూపకల్పన ఆరంభించారు. రోగి, వైద్యుడు, పరీక్ష ఫలితం, మందుల చీటీ... ఇలా ఒక్కో అంశానికీ ఒక్కో నిర్ణీత నమూనా ఉంటుంది. ఇంటర్నెట్‌లో ఇప్పటికే వాడుకలో ఉన్న పద్ధతులపైనే నిర్మించినందున సాఫ్ట్‌వేర్ నిపుణులు సులువుగా అందిపుచ్చుకున్నారు. దీని నాలుగో విడుదలనే భారత్ ఆధారంగా తీసుకుంది.

లాయింక్: పరీక్షలకు సంకేత సంఖ్యలు ఇచ్చే జాబితా. అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో ఉన్న రీజెన్‌స్ట్రీఫ్ ఇన్‌స్టిట్యూట్ 1994లో దీనిని మొదలుపెట్టింది. రక్తంలో మిల్లీగ్రాముల లెక్కన కొలిచే క్రియాటినిన్‌కు 2160-0, మోల్‌ల లెక్కన కొలిస్తే 14682-9, మూత్రంలో మిల్లీగ్రాముల లెక్కన అయితే 2161-8. పేరు ఎలా రాసినా సంఖ్య ఒకటే కనుక పొరపాటుకు తావుండదు.

స్నోమెడ్ సీటీ: వ్యాధులు, లక్షణాలు, చికిత్సలకు సంబంధించిన సువిశాల పదకోశం. మూడున్నర లక్షలకు పైగా భావనలు ఇందులో ఉన్నాయి. దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి సంకేతం 709044004. భారత్ 2014లో ఈ సంస్థలో సభ్యత్వం పొందింది. దీంతో దేశంలోని ఆస్పత్రులు, సాఫ్ట్‌వేర్ సంస్థలు రుసుము చెల్లించకుండానే దీనిని వాడుకోవచ్చు. పుణెలోని సీడాక్ కేంద్రంగా పనిచేస్తున్న జాతీయ వనరుల కేంద్రం ఇందుకు సహకరిస్తోంది.

ఐసీడీ: ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన వ్యాధుల వర్గీకరణ. పదో సంస్కరణలో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధికి ఎన్18 అనే శీర్షిక ఉంది. పదకొండో సంస్కరణ 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. స్నోమెడ్ మంచం పక్కన వైద్యుడు చూసింది చూసినట్లు రాసుకునేందుకైతే, ఐసీడీ రోగులను, మరణాలను లెక్కించేందుకు, బిల్లుల చెల్లింపునకు ఉపయోగపడుతుంది.

డైకామ్: ఎక్స్‌రే, స్కానింగ్ చిత్రాల ప్రమాణం. 1985లో తొలి రూపం వెలువడగా 1993 నుంచి ఈ పేరుతో స్థిరపడింది. ఒక కంపెనీ యంత్రంలో తీసిన స్కాన్‌ను మరో కంపెనీ కంప్యూటర్‌లో నేడు చూడగలుగుతున్నామంటే ఇదే కారణం. తయారీదారులందరూ ఒకే ప్రమాణానికి కట్టుబడితే ఎంతటి ప్రయోజనమో చెప్పేందుకు ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

ఆరోగ్యశ్రీ నుంచి ఆభా వరకు

వైద్య సేవలను కంప్యూటర్‌తో ముడిపెట్టడం శ్రీకాకుళానికి కొత్త కాదు. 2007 ఏప్రిల్‌లో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆరోగ్యశ్రీ పథకాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్, అనంతపురంతో పాటు శ్రీకాకుళమూ ఉంది. చికిత్సకు ముందస్తు అనుమతి మొదలుకొని ఆస్పత్రికి సొమ్ము చెల్లింపు వరకు ఆన్‌లైన్‌లో నడిపిన పథకమది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రస్తుతం ఇది డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో అమలవుతోంది. అయితే ఇటువంటి పథకాల రికార్డు ప్రధానంగా చెల్లింపుల రికార్డు. ఏ చికిత్సకు ఎంత ఇవ్వాలన్నది తేల్చేందుకు అది చాలు. రోగి క్రియాటినిన్ నాలుగేళ్లలో ఎలా మారిందన్నది చెప్పేందుకు చాలదు.

కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలను తొలిసారి 2013లో ప్రకటించి, 2016 డిసెంబరులో సవరించింది. రికార్డు ఆస్పత్రి సంరక్షణలో ఉన్నా, అందులోని సమాచారానికి యజమాని రోగియేనని ఆ పత్రం స్పష్టం చేయడం గమనార్హం. అనంతరం 2020 ఆగస్టు 15న జాతీయ డిజిటల్ ఆరోగ్య మిషన్‌ను ప్రకటించి ఆరు కేంద్రపాలిత ప్రాంతాల్లో ప్రయోగాత్మకంగా నడిపారు. 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌గా దేశమంతటికీ విస్తరించారు. జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ దీనిని అమలు చేస్తోంది.

ఈ మిషన్ ప్రజలకు ఇచ్చే 14 అంకెల సంఖ్యే ఆభా. దీనిని తీసుకోవడం స్వచ్ఛందం. ఆభా సంఖ్య ఉన్నంత మాత్రాన రోగి రికార్డులన్నీ ఢిల్లీలోని ఏదో ఒక కంప్యూటర్‌లో పోగుపడతాయన్న అపోహ చాలామందిలో ఉంది. అది వాస్తవం కాదు. ఏ ఆస్పత్రిలో తయారైన రికార్డు ఆ ఆస్పత్రి ఆధీనంలోనే ఉంటుంది. ఆభా కేవలం వాటిని రోగితో కలిపే దారం.

ఇచ్ఛాపురం రోగి సరిహద్దు దాటి ఒడిశాలోని బరంపురం వెళ్లాడనుకుందాం. అక్కడి ఆస్పత్రి పాత రికార్డులు కావాలని అతని సమ్మతి కోరుతుంది. ఏ రికార్డులు, ఏ కాలానికి చెందినవి, ఎందుకోసం, ఎన్నాళ్లు అన్నవి ఫోన్‌లో కనిపిస్తాయి. రోగి అంగీకరిస్తే సమ్మతి పత్రం ఎలక్ట్రానిక్ రూపంలో తయారై పాత ఆస్పత్రికి చేరుతుంది. అప్పుడు రికార్డు గూఢలిపిలో ఆ ఆస్పత్రి నుంచి ఈ ఆస్పత్రికి వెళుతుంది. మధ్యలో ఉన్న సమ్మతి నిర్వాహక వ్యవస్థకు అందులో ఏముందో తెలియదు. ఇచ్చిన సమ్మతిని రోగి ఎప్పుడైనా ఉపసంహరించుకోవచ్చు. రాష్ట్రం మారినా, భాష మారినా పద్ధతి ఒక్కటే కావడం ఉద్దానం వంటి సరిహద్దు, వలస ప్రాంతానికి మేలు చేసే అంశం.

ఫొటో పంపితే సరిపోతుందా?

అయితే ఇక్కడే అసలు మెలిక ఉంది. వైద్యుడి సంప్రదింపు, మందుల చీటీ, డిశ్చార్జి సారాంశం, పరీక్ష నివేదిక, టీకాల వివరాలు వంటి నమూనాలతో పాటు, స్కాన్ చేసిన పత్రాన్ని యథాతథంగా పంపే వీలునూ మిషన్ కల్పించింది. కాగితాల నుంచి ఒక్కసారిగా బయటపడటం సాధ్యం కాదు కనుక ఈ వెసులుబాటు అవసరమే. కానీ చీటీకి ఫొటో తీసి పంపితే దారి, చట్రం అనే రెండు మెట్లు ఎక్కినట్లే తప్ప, అర్థం అనే మూడో మెట్టు ఎక్కినట్లు కాదు. ఫొటోను వైద్యుడు చదవగలడు. పదిహేను ఫొటోల్లోని క్రియాటినిన్ అంకెలను ఏరి, గీత గీసి, ‘ఈ రోగికి వ్యాధి వేగంగా ముదురుతోంది’ అని హెచ్చరించడం కంప్యూటర్‌కు సాధ్యపడాలంటే అంకె, ప్రమాణం, తేదీ, సంకేతం విడివిడిగా చేరాలి. రద్దీ ఓపీలో ఒక్కో రోగికి నిమిషాలే దక్కే వైద్యుడికి ఆ హెచ్చరికే కావాలి. మరో కాగితాల కట్ట కాదు.

2022 అక్టోబరులో ఢిల్లీలో మొదలై దేశమంతటా విస్తరించిన స్కాన్ అండ్ షేర్ సేవ విషయంలోనూ ఇదే తేడా గుర్తించాలి. ఆస్పత్రి వద్ద క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే పేరు, వయసు వంటి వివరాలు చేరి ఓపీ టోకెన్ వస్తుంది. క్యూలో నిలబడే బాధ తగ్గుతుంది. అంతమాత్రాన పాత వైద్య చరిత్ర వైద్యుడికి చేరినట్లు కాదు.

ఇంటిపేరు ముందా, వెనకా?

రికార్డు ఎవరిదో తేల్చడం మరో చిక్కు. ఆభా సంఖ్య లేకుండా నమోదైన పాత రికార్డులను పేరు, లింగం, పుట్టిన సంవత్సరం, ఫోన్ నంబరు ఆధారంగా వెతకాలి. తెలుగు పేర్లను ఆంగ్లంలో రాసేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కో రీతిని పాటిస్తారు. అప్పారావు ఒకచోట ఒకే పదం, మరోచోట రెండు పదాలు. ఇంటిపేరు ఒక ఆస్పత్రిలో ముందు, ఇంకో ఆస్పత్రిలో వెనక, వేరొకచోట ఒక్క పొడి అక్షరం. పుట్టిన సంవత్సరం తెలియనివారు వయసును ఉజ్జాయింపుగా చెబుతారు. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ నంబరు ఇచ్చే అలవాటు ఉంది. ఫలితంగా ఒకే మనిషి ఇద్దరుగా నమోదు కావచ్చు. అంతకంటే ప్రమాదకరంగా, ఒకే ఊరిలోని ఒకే పేరుగల ఇద్దరి రికార్డులు కలిసిపోవచ్చు. రికార్డు లేకపోవడం నష్టం. ఒకరి రికార్డు మరొకరి పేరున ఉండటం ముప్పు. కౌంటర్ వద్ద వివరాలు నమోదు చేసే ఉద్యోగి జాగ్రత్తే ఇక్కడ కీలకం.

గుట్టు రట్టు కాకుండా...

ఆరోగ్య సమాచారం అంటే అంకెలు మాత్రమే కాదు. కిడ్నీ జబ్బు ఉందని తెలిస్తే పెళ్లి సంబంధాలు కుదరవేమో, పని దొరకదేమో అన్న భయం బాధిత గ్రామాల్లో ఉన్నదే. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లపై జరిగిన సైబర్ దాడితో అక్కడి ఆన్‌లైన్ సేవలు రోజుల తరబడి స్తంభించి, సిబ్బంది కాగితాలపై పనిచేయవలసి వచ్చింది. సమాచారాన్ని ఒకేచోట కుప్పపోయకుండా ఎక్కడిదక్కడ ఉంచే విధానంవల్ల ఒక్క దాడితో అంతా పోయే ముప్పు తగ్గుతుంది. కానీ ప్రతి చిన్న ఆస్పత్రీ తన కంప్యూటర్‌ను కాపాడుకోవలసిన భారం పెరుగుతుంది.

వ్యక్తిగత సమాచార రక్షణకు 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలను 2025 నవంబరులో నోటిఫై చేసి, దశలవారీగా అమలుకు గడువులు పెట్టారు. సమ్మతి తెలిసి ఇచ్చేదై ఉండాలని చట్టం చెబుతోంది. చదువురాని రోగి తరఫున పక్కనున్నవారు ఓటీపీ చెప్పేస్తే అది ఏపాటి సమ్మతి అన్నది క్షేత్రస్థాయిలో జవాబు వెతకవలసిన ప్రశ్న.

జాప్యం ఎందుకు?

ప్రమాణాలు ఉచితంగా అందుబాటులో ఉన్నా అమలు నత్తనడకన సాగడానికి కారణాలు లేకపోలేదు. ఒకే గదిలో నడిచే ల్యాబ్ తన పరీక్షల జాబితా మొత్తానికి లాయింక్ సంఖ్యలు జతచేయాలంటే సమయం, శిక్షణ కావాలి. దాని లాభం మాత్రం వేరే ఊరి వైద్యుడికి, రోగికి దక్కుతుంది. ఖర్చు ఒకరిది, ఫలం మరొకరిది అయినప్పుడు ఎవరూ ముందుకు రారు. పైగా రోగి పాత రికార్డు తేలికగా మరోచోటికి వెళ్లగలిగితే రోగి కూడా వెళ్లిపోతాడన్న జంకు కొన్ని సంస్థలకు ఉండటం సహజం. వైద్యుల వైపు నుంచి చూస్తే, తెర ముందు కూర్చుని గడులు నింపడం రోగిని చూసే సమయాన్ని హరిస్తుంది.

ఈ అంతరాన్ని కొంతైనా తగ్గించేందుకు 2023 జనవరి 1 నుంచి కేంద్రం ప్రోత్సాహక పథకాన్ని అమలులోకి తెచ్చింది. ఆభాతో జతచేసిన రికార్డుల సంఖ్యను బట్టి ఆస్పత్రులు, ల్యాబ్‌లు, సాఫ్ట్‌వేర్ సంస్థలకు గరిష్ఠంగా రూ.4 కోట్ల వరకు ప్రోత్సాహకం ప్రకటించింది. ఇది స్వాగతించదగినదే. అయితే రికార్డుల సంఖ్యతో పాటు నాణ్యతనూ కొలవకపోతే ఫొటోల గుట్టలే పెరుగుతాయి. అంకె, ప్రమాణం, సంకేతం సక్రమంగా ఉన్న రికార్డుకు విలువ ఎక్కువ కట్టినప్పుడే మూడో మెట్టు ఎక్కడం సాధ్యమవుతుంది.

ఉద్దానానికి ఒనగూడేది

ఈ ప్రమాణాలు సక్రమంగా అమలైతే ప్రయోజనం ఒక్కొక్క రోగితో ఆగదు. ఏ గ్రామంలో, ఏ వయసువారిలో, ఏ పని చేసేవారిలో మూత్రపిండాల సామర్థ్యం ఎంత వేగంగా తగ్గుతోందో పేర్లు తొలగించిన సమాచారంతో ఏటా గమనించవచ్చు. రక్షిత మంచినీరు అందిన తర్వాత కొత్త కేసులు తగ్గాయా లేదా అన్నది ఊహతో కాక లెక్కతో తేల్చవచ్చు. పరిశోధకులు వచ్చిన ప్రతిసారీ గ్రామస్థుల చేతికి మళ్లీ సూది గుచ్చి, మొదటి నుంచి లెక్క మొదలుపెట్టే అగత్యం తగ్గుతుంది. అంతుచిక్కని వ్యాధి కారణాన్ని ఛేదించాలంటే ఏళ్ల తరబడి ఒకే కొలమానంతో సేకరించిన సమాచారం తప్పనిసరి.

రోగులు, బంధువులు చేయదగినవి

• పాత కాగితాలను పారవేయవద్దు. తేదీల వరుసలో ఒక ఫైలులో ఉంచాలి. వెలిసిపోయే రకం చీటీలకు వెంటనే జిరాక్స్ తీయించాలి.

• ల్యాబ్ నివేదికలో పేరు, వయసు, తేదీ, కొలత ప్రమాణం, ల్యాబ్ పేరు ఉన్నాయో లేదో అక్కడే చూసుకోవాలి. లేకుంటే రాయించుకోవాలి.

• వీలైతే క్రియాటినిన్ పరీక్షను ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించుకోవడం మేలు.

• ఇన్‌పేషెంటుగా చేరినవారి రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లపాటు భద్రపరచాలని, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నిబంధనలు చెబుతున్నాయి. అడిగి తీసుకోవడం హక్కు.

• ఆభా ఉన్నవారు ఆస్పత్రిలోనూ, ల్యాబ్‌లోనూ ఆ సంఖ్య నమోదు చేయించుకోవాలి. రికార్డు దానితో జతయిందో లేదో ఫోన్‌లో సరిచూసుకోవాలి. ఫోన్ వాడలేనివారు నమ్మకస్తుడైన కుటుంబ సభ్యుడి సాయం తీసుకోవాలి.

• ఆధార్‌లో ఉన్న పేరునే అన్నిచోట్లా ఒకే తీరుగా రాయించాలి.

• ఎవరు, ఎందుకు, ఎన్నాళ్లకు అడుగుతున్నారో తెలియకుండా సమ్మతి ఇవ్వవద్దు. ఫోన్ చేసి అడిగిన అపరిచితులకు ఓటీపీ చెప్పవద్దు.

నౌపడలో గేజ్ మారడానికి వందేళ్లకు పైగా పట్టింది. కిడ్నీ రోగికి అంత వ్యవధి లేదు. ప్రమాణాలు రాసి ఉన్నాయి, దారి వేసి ఉంది. ల్యాబ్ బల్ల వద్ద రాసే అంకె పక్కన ప్రమాణం, సంకేతం చేరడమే ఇక జరగవలసింది. అది జరిగిన నాడు ఉద్దానం రోగి చేతిలో సంచి లేకున్నా, అతని చరిత్ర అతనికంటే ముందే వైద్యుడి వద్దకు చేరుతుంది.